మా అమ్మ వంటింట్లో సాగర్ కాలువ

స్వర్ణోత్సవ సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి కావాలని మన పూర్వ విద్యార్థుల సంఘం కార్యదర్శి ఫోన్ చేశాడు. "నువ్వు కాలువల ఇంజనీరువి కదా, సాగర్ కాలువ మన ప్రాంతానికి ఎలా వచ్చిందో రాయరా" అన్నాడు. సరేనన్నాను. డ్యామ్ పొడవు, కాలువ ప్రవాహం, ఆయకట్టు లెక్కలు అన్నీ నా దగ్గర ఉన్నాయి. తీరా రాయడానికి కూర్చుంటే ఆ లెక్కలేవీ ముందుకు రాలేదు. మధ్యాహ్నం గంట కొట్టాక మన బడి వేపచెట్టు కింద నేను మూత తీసిన సత్తు డబ్బా కళ్ళముందుకొచ్చింది. నాకు తెలిసిన కాలువ చరిత్ర అందులోనే ఉంది. అందుకని అక్కడి నుంచే చెబుతాను.

ఒకే నది, రెండు ఊళ్ళు

మా అమ్మ పుట్టిల్లు తెనాలి దగ్గర ఒక పల్లె. మెట్టినిల్లు పల్నాటి మెట్టలో మా ఊరు. రెంటికీ మధ్య సుమారు డెబ్బై కిలోమీటర్లు. అప్పట్లో రెండూ ఒకే గుంటూరు జిల్లా, రెండు ప్రాంతాలకూ నది కృష్ణే. కానీ తిండి దగ్గరికి వచ్చేసరికి ఈ రెండు ఊళ్ళ మధ్య నూరేళ్ళ పైచిలుకు దూరం ఉంది.

1832-33లో గుంటూరు ప్రాంతాన్ని నందన కరువు పీల్చి పిప్పి చేసింది. మనుషులు డొక్కలెండి రాలిపోయారు కాబట్టి జనం దాన్ని డొక్కల కరువు అన్నారు. ఆ తర్వాత రెండు దశాబ్దాలకు కృష్ణకు అడ్డంగా బెజవాడ దగ్గర ఆనకట్ట లేచింది. 1855 నాటికి అది పూర్తయింది. అక్కడి నుంచి కాలువలు తెనాలి వైపు పారాయి, పొలాలు మాగాణి అయ్యాయి. మా అమ్మమ్మగారింట్లో ఎన్ని తరాల వెనక్కి వెళ్ళి అడిగినా తిండి అంటే వరి అన్నమే.

పల్నాడు సంగతి వేరు. కృష్ణ పక్కనే పారుతున్నా నీరు లోతున ఉండేది, పొలం ఎత్తున ఉండేది. వాన పడితే పంట, లేకపోతే లేదు. జొన్న, సజ్జ, వరిగ, కొర్ర, కంది, ఆముదం పండేవి. ఇంటికి చుట్టాలొస్తేనో పండగొస్తేనో వరి అన్నం. మిగతా రోజుల్లో జొన్న సంకటి, జొన్న రొట్టె.

1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఆ డ్యామ్ సగం లేచిన రోజుల్లో, 1962లో, మా అమ్మ పెళ్ళి జరిగింది. అమ్మకు అప్పుడు పదిహేడేళ్ళు. డెల్టా వాళ్ళు మెట్టకు పిల్లనివ్వడానికి వెనకాడేవాళ్ళు. బిడ్డ జొన్నలు దంచుకుంటూ బతకాలా అనే బెంగ. మా తాతయ్య మాత్రం, "సాగర్ కడుతున్నారుగా. ఇవాళ మెట్ట, రేపు మాగాణి" అని ధైర్యం చెప్పి ఇచ్చాడట.

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ సాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. బెజవాడ ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి లెక్కేస్తే నూట పన్నెండేళ్ళు. మా అక్క ఆ సంవత్సరమే పుట్టింది. కుడి కాలువకు జవహర్ కాలువ అని పేరు పెట్టారు. పొడవు 203 కిలోమీటర్లు. తర్వాత బచావత్ ట్రిబ్యునల్ దానికి 132 టీఎంసీల నీళ్ళు కేటాయించింది. కాగితం మీద ఇదంతా చక్కగా ఉంటుంది. అయితే కాలువ కింది భూములన్నీ ఒక్కటి కాదు. కొన్ని మాగాణి, అంటే వరి వేసుకోవచ్చు. కొన్ని ఆరుతడి, అంటే పత్తి, మిరప, జొన్న, వేరుశనగ లాంటివి వేసుకోవాలి. మా మూడెకరాలు ఆరుతడి కింద పడ్డాయి. పైగా మైనరు చివర. పై తూముల వాళ్ళు తడుపుకోగా మిగిలితే మాకు.

చుట్టుపక్కలమ్మలు కబుర్లకు కూర్చున్నప్పుడు అమ్మ అనేది, "మా నాన్న నన్ను సాగర్ కాలువకిచ్చి పెళ్ళి చేశాడు వదినా. పెళ్ళికొడుకు ఇంకా రానేలేదు." అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి.

జొన్నరొట్టె

అమ్మకు జొన్నరొట్టె చెయ్యడం నేర్పింది మా నాయనమ్మ. గోధుమపిండికి ఉన్న సాగే గుణం జొన్నపిండికి లేదు. కర్రతో ఒత్తితే పగిలిపోతుంది. మరిగిన నీళ్ళు పోసి, చెయ్యి పట్టేంత వేడి ఉండగానే మర్దించి, పీట మీద అరచేత్తో తట్టుకుంటూ తిప్పాలి. అంచు పల్చగా, నడుమ దళసరిగా ఉంటే కాలడం సమంగా ఉండదు. పెనం మీద వేశాక పైన నీళ్ళు తడిపి, తడి ఆరే లోపు తిరగెయ్యాలి. మొదటి నెల్లాళ్ళూ అమ్మ చేసిన రొట్టెలు పెనం దాకా చేరేవి కావట. "వేళ్ళతో కాదమ్మాయ్, అరచేత్తో" అనేదట నాయనమ్మ. మరుసటేడు సంక్రాంతికి పుట్టింటికి వెళ్ళినప్పుడు అమ్మ తన చెల్లెళ్ళ ముందు గుండ్రటి జొన్నరొట్టె తట్టి చూపించిందని పిన్ని ఇప్పటికీ చెబుతుంది.

1980లో నేను ఆరో తరగతిలో మన బడిలో చేరాను. ఊరి నుంచి నాలుగు కిలోమీటర్లు కాలువ కట్ట మీద నడక. డబ్బాలో రెండు జొన్నరొట్టెలు, గోంగూర పచ్చడో పండుమిరప కారమో, ఒక ఉల్లిపాయ. అప్పటికే మన బడిలో సగానికి పైగా పిల్లలు మాగాణి ఊళ్ళవాళ్ళు. వాళ్ళ డబ్బాల్లో తెల్లటి అన్నం, పప్పు, పెరుగు. ఒకనాడు తెలుగు మాస్టారు శ్రీనాథుడి గురించి చెబుతూ, ఆయన పేరున పల్నాడు మీద చాటువులు ప్రచారంలో ఉన్నాయనీ, ఇక్కడ తినడానికి జొన్న తప్ప మరేమీ లేదని మహాకవి విసుక్కున్నాడనీ నవ్వుతూ అన్నారు. క్లాసంతా వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఆ మధ్యాహ్నానికి నా పేరు "జొన్నరొట్టె" అయింది. ఆ పేరు పెట్టిన మహానుభావుడికి ఇప్పుడు షుగరు. రెండు పూటలా జొన్నరొట్టే తింటున్నాడు. ఈ సంచిక అతనికీ చేరుతుంది, అతనికి నా నమస్కారాలు.

పదేళ్ళవాడికి అంత పెద్దమనసు ఉండదు కదా. ఆ సాయంత్రం డబ్బా విసిరేసి, "అన్నం పెడితేనే బడికి పోతా. లేకపోతే పోను" అన్నాను. నాన్న చెయ్యెత్తాడు. అమ్మ అడ్డం వచ్చింది. "రేపటి నుంచి అన్నమే పెడతాలే నాన్నా" అంది. మర్నాడు డబ్బాలో అన్నం ఉంది. పదో తరగతి అయ్యేదాకా ఉంది. ఎక్కడి నుంచి వచ్చిందో నేను అడగలేదు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. అప్పుడు మా అక్క కూడా మన బడిలోనే ఎనిమిదో తరగతి. అమ్మాయిలు గదిలో కూర్చుని తినేవాళ్ళు, మేం చెట్టు కింద. అక్క డబ్బాలో ఏముందో ఆ ఏడాది మొత్తంలో నేను ఒక్కసారి కూడా చూడలేదు.

అమ్మ ఉప్పుడుపిండి

మా ఇంట్లో జొన్నతో చేసిన వంటల్లో నేను పేచీ పెట్టకుండా తిన్నది ఒక్కటే, ఉప్పుడుపిండి. అది డెల్టా వంట. బియ్యపు రవ్వ, పెసరపప్పుతో దట్టమైన గిన్నెలో చేస్తారు. అడుగున పట్టే ఎర్రటి మాడు కోసం పిల్లలు కొట్టుకుంటారు. అమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో ఇంటి మీద బెంగ పెట్టుకుని, బియ్యపు రవ్వ లేక, జొన్నరవ్వతో చేసిందట. "ఇదేం తిండే" అన్న నాయనమ్మ, మూడో ముద్దకి "ఆ మాడు కొంచెం ఇటు పెట్టు" అందట. అప్పటి నుంచి శనివారం రాత్రి ఫలహారం మా ఇంట్లో అదే. ఇద్దరాడవాళ్ళ మధ్య రాజీ కుదిరిన వంట అది. డెల్టా పద్ధతి, పల్నాటి గింజ.

ఆ మాటకొస్తే ఆ గిన్నెలో ఉన్నవాళ్ళంతా ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళే. జొన్న పుట్టింది ఆఫ్రికాలో, వేల ఏళ్ళ కిందట మన దేశం చేరింది. గుంటూరు పేరు చెబితే గుర్తొచ్చే మిరప పోర్చుగీసు వాళ్ళతో పదహారో శతాబ్దంలో వచ్చింది. తిరగమోతకు వాడే నూనె తీసే వేరుశనగ కూడా దక్షిణ అమెరికాదే. అమ్మ అరవై రెండులో వచ్చింది. అందరూ ఊరివాళ్ళయిపోయారు.

అమ్మ ఇంతకింత అని ఎప్పుడూ గ్రాముల్లో చెప్పలేదు. మెట్రిక్ తూకాలు దేశంలో 1958 నుంచి వచ్చినా, మా వంటింట్లోకి రాలేదు. అమ్మ కొలత సోల, దానికి తక్కువైతే గిద్దె. నాలుగు గిద్దెలు ఒక సోల. ఉప్పు, కారం చేతి కొలత. అమ్మ పోయాక ఆ ఇత్తడి సోల నా వాటాకు వచ్చింది. దాంతోనే చేసి చూసి, నాలుగుసార్లు పాడుచేసి, ఐదోసారికి దారికొచ్చిన లెక్క ఇది.

జొన్నలకు కొంచెం తడి చూపించి రోట్లో దంచితే పైపొట్టు ఊడుతుంది. చెరిగి, ఆరబెట్టి, తిరగట్లో విసరాలి. జల్లెడ పట్టాక పిండి రొట్టెకు, రవ్వ ఉప్పుడుపిండికి, చిట్టు గేదెకు. మా ఇంట్లో ఏదీ వృథా పోయేది కాదు. ఇప్పుడు రవ్వ బజార్లో దొరుకుతోంది కాబట్టి ఇంత శ్రమ అక్కర్లేదు. సోలెడు రవ్వను కడిగి అరగంట తడిపి ఉంచాలి. గిద్దెడు పెసరపప్పు విడిగా నానబెట్టాలి. దట్టమైన ఇనప మూకుడులో వేరుశనగ నూనె వేసి శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, జీలకర్ర, తుంచిన ఎండుమిరపకాయలు, కరివేపాకు, ఇంగువ వేయించాలి. మూడు సోలల నీళ్ళు పోసి, ఉప్పు, పెసరపప్పు వేసి మరగనివ్వాలి. బియ్యపు రవ్వకైతే రెండు సోలలు చాలు, జొన్న ఎక్కువ తాగుతుంది. రవ్వ పోసి కలిపి, మూతపెట్టి, మంట బాగా తగ్గించాలి. నీళ్ళు ఇంకాక అంచుల వెంట చెంచాడు నూనె వదిలి, ఇక కదపకూడదు. మూత తీసి తీసి చూడకూడదు. అడుగు నుంచి కమ్మటి వాసన వస్తే దించాలి. చింతకాయ పచ్చడితో గానీ, కాల్చిన వంకాయ పచ్చిపులుసుతో గానీ తినాలి.

నా నాలుగు ఓటములకూ కారణం ఒక్కటే. నేను గడియారం చూశాను. అమ్మ వాసన చూసేది.

పద్దు పుస్తకం

నాన్న ముందే పోయాడు. 2019లో అమ్మ పోయింది. ఊళ్ళో ఇల్లు ఖాళీ చేస్తుంటే ట్రంకు పెట్టెలో నాన్న పద్దు పుస్తకం దొరికింది. ఎరువులు, పురుగుమందులు, పత్తి ఏరిన కూలి, నా ఫీజు, అక్క ఓణీ, అన్నీ తేదీలతో రాసిపెట్టాడు. 1980 వేసవి తర్వాత కొత్త పద్దు ఒకటి మొదలైంది: "బియ్యం, ఒక బస్తా." అంతకుముందు పండగలకు కొన్న పది కిలోలు, పదిహేను కిలోలే తప్ప బస్తా లేదు. నా పేచీ తర్వాత నాన్న మిరపకాయల డబ్బుతో కొన్న బియ్యం అది.

నేను జీవితమంతా చేసిన పని ఒకటే. పైన ఎంత నీరు వదిలారు, కింద ఎంత చేరింది, మధ్యలో ఎవరికెంత వెళ్ళింది అని లెక్క తీయడం. అలవాటు చొప్పున ఆ పుస్తకం అంచునే లెక్కేశాను. బస్తా డెబ్బై ఐదు కిలోలు. రెండు పూటలా అన్నం తినే మనిషికి రోజుకు సుమారు నాలుగు వందల గ్రాముల బియ్యం కావాలి. ఇంట్లో ఐదుగురం. నాయనమ్మ, నాన్న, అమ్మ, అక్క, నేను. రోజుకు రెండు కిలోలు. అంటే బస్తా ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది రోజులకు అయిపోవాలి. పుస్తకంలో బస్తాకూ బస్తాకూ మధ్య తొంభై రోజులున్నాయి. తేదీలు తప్పు చూశానేమోనని మళ్ళీ చూశాను. తొంభై రోజులే. డెబ్బై ఐదుని తొంభైతో భాగిస్తే రోజుకు ఎనిమిది వందల గ్రాముల చిల్లర.

అది ఇద్దరు మనుషుల బియ్యం.

అక్కకు ఫోన్ చేశాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నీకిప్పుడు తెలిసిందా?" అంది. "నాన్నకీ నీకూ అన్నం. మా ముగ్గురికీ సంకటి. మీ ఇద్దరూ తిని లేచాకే కదరా మేం కూర్చునేది, నువ్వెప్పుడు చూశావు? నా డబ్బాలో ఎనిమిదో తరగతి అయ్యేదాకా రొట్టెలే."

"నువ్వు అడగలేదా అక్కా?"

"ఒకసారి అడిగా. వాడు బడి మానేస్తాడే అంది అమ్మ. ఆ ఏడాది ఆఖర్న నన్నే మాన్పించారు."

అక్క ఆ మాట కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

ఇంకో మాట కూడా చెప్పింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక, కార్డు మీద ఇచ్చిన దొడ్డు బియ్యంతో, వాళ్ళు ముగ్గురూ మొదటిసారి రోజూ అన్నం తిన్నారట. పద్దు పుస్తకంలో కూడా ఆ ఏడాది నుంచి చౌకదుకాణం పద్దు కనిపిస్తుంది. పుస్తకాల్లో ఆ పథకం మీద ఎన్నో వాదనలు చదివాను. ఖజానా లెక్కలూ చదివాను. మా అక్క కంచంలోకి అన్నం ఏ సంవత్సరం వచ్చిందో మాత్రం ఆ లెక్కల్లో ఉండదు.

ఉద్యోగంలో నేను వందసార్లు విన్న ఫిర్యాదు, "చివరి భూములకు నీళ్ళందడం లేదు సార్" అని. కాలువ బాగా పారుతోందా లేదా అన్నది హెడ్ రెగ్యులేటరు దగ్గర నిలబడి చెప్పకూడదు, చివరి తూము దగ్గరికి పోయి చూడాలి అని కొత్తగా చేరిన కుర్ర ఇంజనీర్లకు చెప్పేవాణ్ణి. మా ఇంటి చివరి తూము మాత్రం నా కంటికి నలభై ఏళ్ళు కనపడలేదు. అమ్మ వంట అమృతం అని మనమంతా చెప్పుకుంటాం, నేనూ ఎన్నోసార్లు చెప్పాను. ఆ అమృతంలో అమ్మ వాటా ఎంత, అక్క వాటా ఎంత అని ఎవరమూ అడగలేదు. మన ఇళ్ళ తిండి చరిత్ర రాసుకోవాలంటే వంటల పేర్లు రాస్తే సరిపోదు, ఎవరు ముందు తిన్నారు, ఎవరు ఆఖర్న తిన్నారు, ఆఖర్న గిన్నెలో ఏం మిగిలింది అన్నది కూడా రాయాలి.

మొదటి బంతి

అమ్మకు అరవై ఏళ్ళు దాటాక షుగరు వచ్చింది. డాక్టరు అన్నం తగ్గించి జొన్నరొట్టె తినమన్నాడు. అమ్మ పడీ పడీ నవ్వింది. "ఇరవై ఏళ్ళు తిన్నానయ్యా, ఆ మందు అప్పుడే అయిపోయింది" అంది. అటకెక్కిన తిరగలిని కిందికి దించలేదు. మా కోడళ్ళు బజార్లో జొన్నపిండి పొట్లం కొన్నారు. కిలో ధర విని అమ్మ రెండోసారి నవ్వింది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది, అందులో జొన్న కూడా ఉంది. అప్పటికి అమ్మ లేదు. ఉంటే మూడోసారి నవ్వేది.

మాగాణి పిల్లలు, మెట్ట పిల్లలు అన్న తేడా ఇప్పుడు మన మధ్య లేదు. అందరం ఒకే మాత్రలు మింగుతున్నాం, ఒకే రొట్టె తింటున్నాం. సంతోషం.

స్వర్ణోత్సవం నాటి మధ్యాహ్న భోజనాలకు ఏం చేయించాలా అని కమిటీ మిత్రులు తర్జనభర్జన పడుతున్నారని విన్నాను. నా విన్నపం ఒకటుంది. విస్తట్లో ఒక మూల జొన్నరవ్వ ఉప్పుడుపిండికి చోటివ్వండి. రవ్వ, పప్పు, నూనె ఖర్చు నాది. వంటవాళ్ళ పక్కన నిలబడి, ఎప్పుడు దించాలో వాసన చూసి చెప్పే పని కూడా నాదే.

ఇంకొకటి. మన సంఘం జాబితాలో పదో తరగతి పాసైన బ్యాచ్‌ల పేర్లే ఉన్నాయి. మధ్యలో బడి మానేసిన వాళ్ళవి లేవు. వాళ్ళూ ఈ వేపచెట్టు నీడన, ఈ గదుల్లో డబ్బాలు విప్పుకున్నవాళ్ళే. ఎనిమిదో తరగతితో ఆగిపోయిన మా అక్కను ఈసారి నాతోపాటు తీసుకొస్తున్నాను. అలాంటి అక్కలు, చెల్లెళ్ళు, అన్నలు, తమ్ముళ్ళు మీ ఇళ్ళల్లోనూ ఉంటారు. వాళ్ళనీ తీసుకురండి. ఆ రోజు మొదటి బంతిలో వాళ్ళు కూర్చుంటారు. పాసైన వాళ్ళం వడ్డిద్దాం.

ఉప్పుడుపిండి మాడు మాత్రం అక్కది. దాని మీద ఇప్పటికే మాట ఇచ్చేశాను.